హనుమకొండ నుంచి మన్‌హైమ్ దాకా: పోస్టు డబ్బా మీద పేరు పడేవరకు

మన దగ్గర కవరు మీద "పోచమ్మ గుడి వెనుక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా" అని రాస్తే చాలు, ఉత్తరం ఇల్లు చేరుతుంది. ఇంటి నంబరు తప్పు పడ్డా పోస్టుమ్యాన్ వాడకట్టులో ఇద్దరిని అడిగి తెచ్చిచ్చి పోతాడు. జర్మనీలో ఆ వెసులుబాటు లేదు. డబ్బా మీద మీ పేరుంటే ఉత్తరం పడుతుంది, లేకుంటే పంపినవాళ్లకే తిరిగిపోతుంది. బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ అక్కడ ఉత్తరాలుగానే వస్తాయి. అందుకే వరంగల్ నుంచి మన్‌హైమ్‌కు బిజినెస్ మాస్టర్స్ చదవడానికి పోయే పిల్లలకు మొదటి రెండు వారాలు చదువు కన్నా చిరునామాయే పెద్ద పని.

ముందుగా చదువు సంగతి. మన్‌హైమ్ విశ్వవిద్యాలయం బిజినెస్ చదువులకు జర్మనీలో పేరు మోసిన చోటు. అక్కడి మాస్టర్ ఇన్ మేనేజ్‌మెంట్ ప్రభుత్వ విశ్వవిద్యాలయపు కోర్సు. యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ట్యూషన్ ఉంటుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రమంతా 2017 నుంచి ఇదే పద్ధతి. దానిపైన సెమిస్టర్ చందా వేరు. అదే ఊళ్లో ఉన్న మన్‌హైమ్ బిజినెస్ స్కూల్ ఎంబీఏకు మాత్రం ఫీజు పదుల వేల యూరోల్లో ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండూ ఒకటే అనుకుని ఇంట్లో తప్పు లెక్క చెప్పేవాళ్లున్నారు. అప్పు తీసుకునేముందు అడ్మిషన్ లెటర్‌లో ఏ కోర్సు రాసి ఉందో అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

ఇంకో తేడా క్యాలెండర్‌లో ఉంది. జర్మనీలో చాలా యూనివర్సిటీల తరగతులు అక్టోబర్‌లో మొదలైతే మన్‌హైమ్‌లో సెప్టెంబర్ మొదట్లోనే మొదలై డిసెంబర్ మొదట్లో ముగుస్తాయి. మ్యూనిక్‌లోనో బెర్లిన్‌లోనో చదివే అన్నను అడిగి సెప్టెంబర్ చివరకు టికెట్ తీసుకుంటే మూడు వారాల పాఠాలు పోయినట్టే. ఆగస్టు మధ్యలో దిగేలా చూసుకోవాలి. అది కూడా సోమవారం రాత్రి శంషాబాద్‌లో ఎక్కి మంగళవారం దిగేలా. ఎందుకో ఏడో రోజు చూస్తే తెలుస్తుంది.

బయలుదేరేనాటికి చేతిలో ఏముండాలో ఒక్కసారి చూసుకుందాం. మన చదువు కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ భారతీయ విద్యార్థులకు 2022 నవంబర్ 1 నుంచి తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే డబ్బు వేసి నెలకింతని మాత్రమే తీసుకునే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇక్కడి బ్యాంకు సరిగ్గా 11,904 పంపుతుంది, దారిలో మధ్య బ్యాంకు పదో ఇరవయ్యో కోసుకుంటుంది, అక్కడ లెక్క తక్కువపడి వీసాకు కావలసిన ధ్రువీకరణ రాదు. చార్జీలన్నీ పంపేవాళ్లమే భరిస్తామని ఫారంలో టిక్కు పెట్టించండి, అయినా ఒక వంద యూరోలు ఎక్కువే పంపండి. ఆ డబ్బు పోదు, ఖాతాలోనే ఉంటుంది. బ్యాంకు విద్యారుణం నుంచి నేరుగా పోయే డబ్బు మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను, లేదు. సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల దాకా లేదు.

కాకతీయ యూనివర్సిటీ వాళ్లయినా జేఎన్టీయూ వాళ్లయినా కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడింటి ఒరిజినల్స్ వెంట ఉండాలి. ఓడీకి దరఖాస్తు పెట్టుకోవడం చాలామంది వాయిదా వేస్తారు. ఊళ్లో ఉన్నప్పుడే అది తెచ్చుకోవడం తేలిక, జర్మనీ నుంచి తమ్ముడిని ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిప్పడం కష్టం.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందే సరిచేయించుకోండి. అక్కడ మనిషిని పిలిచేది ఇంటిపేరుతోనే, డబ్బా మీద రాసేదీ అదే.

మొదటి రోజు, సోమవారం: హనుమకొండ నుంచి శంషాబాద్

కాజీపేట, జనగామ, పెంబర్తి, భువనగిరి మీదుగా 163వ జాతీయ రహదారిలో ఘట్‌కేసర్ దాకా, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డెక్కి శంషాబాద్. కారులో మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. ఊరి లోపలి నుంచి, ఉప్పల్ మీదుగా పోదామనే డ్రైవరుంటే వద్దనండి, సాయంత్రం వేళ అక్కడ గంట పోతుంది. ఫ్లైట్ టైముకు ఎనిమిది గంటల ముందు ఇల్లు కదిలితే దారిలో టైరు పంక్చరైనా భయం ఉండదు. భద్రకాళి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టాలనుకునేవాళ్లు ముందురోజు సాయంత్రమే ఆ పని చేసుకుంటే ప్రయాణం రోజు హడావుడి తగ్గుతుంది.

టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి పోనివ్వరు. సాగనంపడానికి రెండు బండ్ల నిండా వచ్చేవాళ్లకు ఈ మాట ఇంటి దగ్గరే చెప్పాలి. నానమ్మ లోపలిదాకా రావాలనుకుని గేటు దగ్గర ఆగిపోతే ఆమెకూ బాధ, మీకూ బాధ.

పెట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి సొంతానికైనా తీసుకుపోకూడదు. అంటే అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా, నాటుకోడి తొక్కు మూడూ పనికిరావు. పట్టుబడితే తీసి పారేస్తారు, దాచి తెస్తే జరిమానా కూడా వేయొచ్చు. చేపలు, రొయ్యలతో చేసినవాటికి ఈ నిషేధం లేదు. పచ్చి కూరగాయలు, పండ్లు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. కాబట్టి పెరట్లో కోసిన పచ్చి కరివేపాకు మూట వద్దు. ఎండబెట్టి కొట్టిన కరివేపాకు పొడి పట్టుకుపోండి.

నిజంగా తీసుకుపోవలసినవి వేరే ఉన్నాయి. బియ్యం, కందిపప్పు, చింతపండు అక్కడి ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి, వాటికి బరువు వృథా చేసుకోవద్దు. మన వరంగల్ చపాట మిర్చి కారం మాత్రం దొరకదు. చూడ్డానికి టమాటాలా గుండ్రంగా, ముద్దగా ఉండే ఆ కాయకు ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. ఎనుమాముల మార్కెట్‌లో కాయ కొని పట్టించిన కారం ఒక కిలో చాలు, సెమిస్టర్ గడుస్తుంది. మామిడి తొక్కు, నువ్వుల పొడి, సకినాలు పెట్టుకోండి. తొక్కు చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర దాన్ని ముద్ద పదార్థం కింద లెక్కగట్టి 100 మిల్లీలీటర్ల నిబంధనతో తీసేస్తారు. పెద్ద పెట్టెలోనే పెట్టాలి. సీసా నిండుగా నింపకుండా పైన రెండు వేళ్ల జాగ వదిలి, మూత కింద పాలిథిన్ వేసి బిగించి, రెండు జిప్ కవర్లలో పెట్టి, పాత టవల్ చుట్టండి. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు నూనె పైకి పొంగి మూత సందులోంచి కారుతుంది. బట్టలన్నీ పాడయ్యేది దానివల్లనే. సకినాలకు స్టీలు డబ్బా కావాలి. సంచిలో పోస్తే అక్కడ తినేది పిండే.

కుక్కర్ మూడు లీటర్లది చాలు. అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలుదై ఉండాలి. కరెంటు 230 వోల్టులే, మిక్సీ మన ఇంటిదే పనిచేస్తుంది. మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ మాత్రం అక్కడి సాకెట్‌లో దూరదు, ఒకటి రెండు అడాప్టర్లు ఇక్కడే కొనండి. మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో, మందు అసలు పేరు ఇంగ్లిష్‌లో రాయించుకుని తీసుకెళ్లండి.

కాగితాలన్నీ చేతి సంచిలోనే. పెద్ద పెట్టె రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా కాగితాలు మీతోనే ఉండాలి.

రెండో రోజు, మంగళవారం: ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడినుంచి మన్‌హైమ్

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా నేరు ఫ్లైట్ 2024 జనవరిలో మొదలైంది. దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా కూడా పోవచ్చు. ఇమిగ్రేషన్‌లో పాస్‌పోర్టు, అడ్మిషన్ లెటర్, బ్లాక్డ్ అకౌంట్ కాగితం, ఉండబోయే చిరునామా అడగొచ్చు. ఒకే ఫైలులో ఈ వరుసలోనే పెట్టుకుంటే వెతుకులాట ఉండదు. చేతిలో 10,000 యూరోలు, అంతకన్నా ఎక్కువ నగదు ఉంటే రాసి చూపించాలి. విద్యార్థికి 300 నుంచి 500 చాలు.

రైలు దగ్గర జాగ్రత్త. ఎయిర్‌పోర్టులో రెండు స్టేషన్లున్నాయి. లోకల్ రైళ్లకు ఒకటి, 1 నుంచి 3 ప్లాట్‌ఫారాలు. దూరపు రైళ్లకు ఫెర్న్‌బాన్‌హోఫ్ అనే ఇంకొకటి, 4 నుంచి 7. మన్‌హైమ్ పోయే ఐసీఈ అనే వేగపు రైలు రెండోదాని నుంచి బయలుదేరుతుంది, అరగంట చిల్లరలో చేరుస్తుంది. నెలల ముందే కొన్న చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. ఫ్లైట్ ఆలస్యమైతే ఆ టికెట్ చేజారినట్టే. దిగాక కొనండి, లేదా ఏ రైలుకైనా చెల్లే ఫ్లెక్స్ టికెట్ ముందే తీసుకోండి. దేశమంతా తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. అది ట్రాములు, బస్సులు, ప్రాంతీయ రైళ్లకే గాని ఐసీఈకి చెల్లదు. స్టేషన్లలో గేట్లుండవు, టికెట్ అడిగేవాళ్లు కనపడరు. అంతమాత్రాన ఎక్కేయొద్దు, చెకింగ్‌లో పట్టుబడితే జరిమానా 60 యూరోలు. 27 ఏళ్లలోపు విద్యార్థులకు ఈ రాష్ట్రంలో ఇంకా తక్కువ ధర పాస్ ఉంది, అడ్మిషన్ పని పూర్తయ్యాక అది తీసుకోండి.

పోర్టర్లు ఉండరు. రెండు పెట్టెలూ మీరే రైలెక్కించి దించాలి. ఇల్లు కదిలేముందే రెండూ పట్టుకుని మూడంతస్తుల మెట్లు ఒకసారి ఎక్కి చూస్తే ఏది తీసేయాలో తెలుస్తుంది.

గది తాళం ఇచ్చేవాళ్లు మధ్యాహ్నం లోపలే ఆఫీసు మూసేయొచ్చు. ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తున్నారో ఈమెయిల్‌లో ముందే ఖాయం చేసుకోండి. ఆ రోజు కుదరకపోతే ఒక రాత్రి హాస్టల్‌లో ఉండాల్సి వస్తుంది, దానికి డబ్బు పక్కన పెట్టుకోండి. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఎండాకాలంలో మనకన్నా మూడున్నర గంటలు వెనుక, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి నాలుగున్నర అని గుర్తుంచుకోండి. మీకు రాత్రి తొమ్మిదైతే అమ్మకు పన్నెండున్నర.

మూడో రోజు, బుధవారం: గది, తాళంచెవి, డబ్బా

ఈ రోజు చేసే పని చిన్నది, కానీ మిగతా పనులన్నీ దీనిమీదే ఆధారపడతాయి.

కింద గుమ్మం దగ్గర పోస్టు డబ్బాల వరుస ఉంటుంది. ఒక్కో డబ్బాకు అగ్గిపెట్టె పొడవుండే పలక, దాని కింద కాగితం ముక్క పెట్టే సందు. పాత కిరాయిదారు పేరు ఇంకా అక్కడే ఉంటుంది. పలకను గోటితో పక్కకు జరిపి, పాత కాగితం తీసి, మీ ఇంటిపేరు పెద్ద అచ్చు అక్షరాల్లో రాసి పెట్టండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే, ఒక్క అక్షరం మారకుండా. కాలింగ్ బెల్ మీద కూడా అదే పేరు. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్ అయితే నలుగురి ఇంటిపేర్లూ ఉండాలి. వసతి గృహాల్లో కేర్‌టేకర్ అచ్చు వేయించి ఇస్తాడు, దానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా టేపుతో అంటించిన కాగితమైనా పనిచేస్తుంది. పేరు లేక తిరిగిపోయిన బ్యాంకు కార్డు మళ్లీ రావడానికి రెండు వారాలు పట్టొచ్చు.

తర్వాత ఇంటి యజమాని దగ్గర వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే పేజీ మీద సంతకం తీసుకోండి. ఫలానా మనిషి ఫలానా తేదీన నా ఇంట్లో దిగాడని యజమాని రాసిచ్చే కాగితం అది. కిరాయి ఒప్పందం దీనికి బదులు కాదు. గది వెతికేటప్పుడే ఈ కాగితం ఇస్తారా అని అడగాలి. ఇవ్వనంటే ఆ గది ఎంత చవకైనా వదిలేయండి. విదేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళంచెవి కొరియర్ చేస్తాను అనేవాళ్లు మోసగాళ్లే. చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల కిరాయిని మించకూడదు, అదీ హీటింగ్ వంటి ఖర్చులు కలపని కిరాయి మీద లెక్క. ప్రకటనలో కాల్ట్ అని ఉంటే ఖర్చులు కలపనిది, వార్మ్ అని ఉంటే కలిపినది.

తలుపు సంగతి కూడా తెలియాలి. బయటి పక్క గుండ్రటి పిడి మాత్రమే ఉంటుంది, తిప్పితే తెరుచుకోదు. తాళంచెవి లోపల పెట్టి చెత్త వేయడానికి బయటకొస్తే తలుపు పడిపోతుంది, రాత్రిపూట తాళం తీసేవాడిని పిలిస్తే వందల యూరోలు అడుగుతాడు. తాళంచెవి మెడలో వేసుకుని తిరిగినా తప్పులేదు.

ఇండియా సిమ్‌ను పారేయకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రోమింగ్ ఇక్కడున్నప్పుడే ఆన్ చేయించి, తక్కువ ప్లాన్‌తోనైనా బతికించి ఉంచండి.

నాలుగో రోజు, గురువారం: గడుల ఊరు, కె 7

మన్‌హైమ్ నడిబొడ్డున వీధులకు పేర్లు లేవనే చెప్పాలి. ఊరంతా చదరంగపు పలకలా గడులు. రాజప్రాసాదానికి వీపు ఆనించి నెక్కర్ నది వైపు చూస్తూ నిలబడండి. ఎదురుగా పోయేది పెద్ద బజారు. ఎడమ పక్క ఏ నుంచి కె దాకా, కుడి పక్క ఎల్ నుంచి యు దాకా అక్షరాల వరుసలు. మధ్యలో ఐ అక్షరం లేదు, హెచ్ తర్వాత జె. ఏ, ఎల్ వరుసలు ప్రాసాదం దగ్గర, కె, యు వరుసలు నది దగ్గర. పెద్ద బజారు నుంచి దూరం పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. కాబట్టి కె 7 అంటే ఎడమవైపు, నది దగ్గరి వరుసలో ఏడో గడి. ఇల్లు నంబర్లు గడి చుట్టూ తిరుగుతాయి, మొదటి ఇల్లు, చివరి ఇల్లు పక్కపక్కనే రావచ్చు. ఒక పూట ఇలా నడిస్తే తర్వాత ఫోన్‌లో మ్యాప్ అక్కరలేదు.

కె 7లోనే నగరపాలక సంస్థ వాళ్ల పౌరసేవా కేంద్రం, అన్‌మెల్డుంగ్ అనే చిరునామా నమోదు చేసే చోటు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేసుకోవాలని చట్టం. అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఆగస్టు, సెప్టెంబర్‌లో విద్యార్థుల రద్దీ ఎక్కువ, ఇండియాలో ఉండగానే బుక్ చేసుకోండి. పాస్‌పోర్టు, యజమాని సంతకం చేసిన కాగితం, నింపిన ఫారం చాలు.

ఫారంలో మతం గడి ఉంటుంది. కేథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే ఉద్యోగం వచ్చాక ఆదాయపు పన్ను మీద ఈ రాష్ట్రంలో 8 శాతం చర్చి పన్ను కోస్తారు. మన దగ్గర సీఎస్ఐ, కేథలిక్ కుటుంబాల పిల్లలు ఈ గడి నింపేముందు ఆలోచించుకోవాలి. తర్వాత మార్చుకోవడానికి వేరే దరఖాస్తు ఉంటుంది. హిందువులకు, ముస్లింలకు ఈ పన్ను లేదు.

చేతికి ఒక పేజీ ఇస్తారు. దాన్ని అక్కడే నిలబడి చదవండి. ఇంటిపేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ, గది నంబరు. తప్పుంటే ఐదు నిమిషాల్లో సరిచేస్తారు, బయటకొచ్చాక అయితే మళ్లీ అపాయింట్‌మెంట్. ఈ కాగితానికి నాలుగు కాపీలు తీసుకోండి.

ఐదో రోజు, శుక్రవారం: బ్యాంకు, ఇన్సూరెన్స్

బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలనెలా 992 యూరోలు పడటానికి మామూలు ఖాతా ఒకటి కావాలి. ఆ ఖాతాకు అన్‌మెల్డుంగ్ కాగితం అడుగుతారు. మొదటి వాయిదా పడేదాకా పది రోజులు గడవొచ్చు, చేతి డబ్బు అందుకే. 992లో కిరాయికే దాదాపు సగం పోతుంది.

ఇన్సూరెన్స్ దగ్గర వయసు చూసుకోండి. 30 ఏళ్లు నిండనివాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా విద్యార్థి ధరకు, నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలకు వస్తుంది. 30 దాటితే ఆ ధర ఉండదు. నాలుగైదేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి వెళ్లేవాళ్లు చవక ప్రైవేటు బీమా కొనేముందు షరతులు పూర్తిగా చదవాలి. విద్యార్థిగా ఒకసారి ప్రభుత్వ బీమా వదిలేస్తే చదువు ముగిసేదాకా తిరిగి రానివ్వరు. బీమా సంస్థ మీ స్థితిని యూనివర్సిటీకి నేరుగా కంప్యూటర్‌లో పంపుతుంది. కార్డు మీ చేతిలో ఉన్నా ఆ సమాచారం అందకపోతే అడ్మిషన్ పూర్తికాదు. పంపారా అని ఫోన్ చేసి అడగండి.

ఆరో రోజు, శనివారం: సరుకులు

మార్కెట్ ప్లాట్జ్ జి 1 గడిలో ఉంది. మంగళ, గురు, శనివారాల్లో అక్కడ కూరగాయల అంగడి పెడతారు. చుట్టూ ఉన్న టర్కీ దుకాణాల్లో పెద్ద కొత్తిమీర కట్టలు, వంకాయలు, పచ్చిమిర్చి, పుట్నాలు, పెద్ద బకెట్లలో గట్టి పెరుగు దొరుకుతాయి. ఈ రోజే రెండు రోజుల సరుకు కొనాలి. నీళ్ల బాటిళ్ల మీద 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ బాటిల్ దుకాణంలోని యంత్రంలో వేస్తే తిరిగిస్తారు. నలపకూడదు, నలిపితే యంత్రం తీసుకోదు. అసలు కొళాయి నీళ్లే తాగొచ్చు.

వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి. ఎండుమిర్చి వేగిన పొగకు గదిలోని స్మోక్ డిటెక్టర్ కూత పెడుతుంది. హాస్టల్‌లో అది ఫైరింజన్ వచ్చేదాకా పోతే ఖర్చు మీ మీద పడొచ్చు. తాలింపు సన్న మంట మీద వేసుకోండి, తలుపు మూసి ఉంచండి.

ఏడో రోజు, ఆదివారం

దుకాణాలు దాదాపు అన్నీ మూత. రైల్వే స్టేషన్‌లోవి తప్ప దాదాపు ఏదీ ఉండదు. శనివారం రాత్రి దిగినవాళ్లు సోమవారం పొద్దుటిదాకా సకినాలతో గడపాల్సి వచ్చేది ఇందుకే. మిక్సీ, వాషింగ్ మెషిన్ కూడా ఈ రోజు ఆడించొద్దు, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. ఇడ్లీ పిండి శనివారమే రుబ్బుకోండి.

కాబట్టి ఊరు చూడండి. 1720లో కట్టడం మొదలైన రాజప్రాసాదం పొడవు సుమారు 440 మీటర్లు, మీ యూనివర్సిటీ అందులోనే. సైకిలుకు ముందుతరం బండిని కార్ల్ డ్రైస్ 1817లో తొక్కింది ఈ ఊరి నుంచే. కార్ల్ బెంజ్ మోటారు కారుకు 1886లో పేటెంట్ తీసుకున్నదీ ఇక్కడే. ఎండగా ఉంటే స్పఘెట్టి ఐస్ తినండి. దారియో ఫోంటనెల్లా అనే ఆయన 1969లో ఈ ఊళ్లో చేసిన తిండి. వెనీలా ఐస్‌క్రీమును మన మురుకుల గొట్టం లాంటి దాంట్లో వేసి ఒత్తుతారు, దారాలు దారాలుగా పడుతుంది, పైన స్ట్రాబెర్రీ గుజ్జు పోసి తెల్ల చాక్లెట్ తురుము చల్లుతారు. కింద మీగడ గడ్డకట్టి పళ్లకు తగులుతుంది. మురుకులు ఒత్తిన చేతులకు ఆ పని చూడగానే అర్థమవుతుంది.

ఎనిమిదో రోజు నుంచి పదో రోజు దాకా: యూనివర్సిటీ

విద్యార్థి కార్డు, లైబ్రరీ, మేన్సా అనే యూనివర్సిటీ క్యాంటీన్‌లో భోజనం ఈ మూడు రోజుల్లో కుదురుతాయి. కోర్సుల ఎంపిక మాత్రం తీరికగా చేసేది కాదు. ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్ వంటి విభాగాల్లో సీట్లు పరిమితంగా ఉన్నవాటికి గడువు తరగతులకన్నా ముందే ముగుస్తుంది. పరీక్షకు కూడా విడిగా పేరు నమోదు చేసుకోవాలి. క్లాసుకు రోజూ పోయి, పరీక్షకు నమోదు మరిచినవాడికి మార్కులు రావు. మన దగ్గర కాలేజీయే హాల్ టికెట్ ఇస్తుంది కాబట్టి ఈ సంగతి తట్టదు.

రైన్ నది అవతల లుడ్విగ్స్‌హాఫెన్‌లో రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్, దగ్గర్లోని వాల్డోర్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ ఉన్నాయి. చదువుతూ పని చేయాలనుకునేవాళ్లకు ఈ ఊరు మంచిదే. వీసా నిబంధన ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. మొదటి సెమిస్టర్‌లో జర్మన్ భాష మీద రోజుకు గంట పెడితే రెండో ఏడాది ఇంటర్వ్యూల్లో అది పనికొస్తుంది.

పదకొండో రోజు నుంచి పదహారో రోజు దాకా: ఉత్తరాలు

ఇప్పుడు రోజూ సాయంత్రం డబ్బా తెరవాలి. ముందు బ్యాంకు కార్డు వస్తుంది, దాని పిన్ వేరే కవరులో వేరే రోజు. తర్వాత ఇన్సూరెన్స్ కార్డు కోసం ఫొటో అడుగుతూ ఒకటి. రెండు నుంచి నాలుగు వారాల్లో 11 అంకెల ట్యాక్స్ నంబరు. అది జీవితాంతం మారదు, పని ఇచ్చేవాళ్లు మొదట అడిగేది అదే. ఆ పేజీని ఫొటో తీసి ఇంటికి కూడా పంపి ఉంచండి.

టీవీ, రేడియో చందా అడుగుతూ మరో ఉత్తరం వస్తుంది. టీవీ లేదు కదా అని చింపి పారేసేవాళ్లున్నారు. టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒకరు కడితే చాలు, మిగతావాళ్లు ఆయన చందా నంబరు రాసి జవాబు పంపాలి. జవాబివ్వకపోతే బాకీ పెరుగుతూ పోతుంది.

రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు వీసా గడువు ముగియకముందే పెట్టాలి. వారాల రద్దీ ఉంటుంది కనుక ఈ రోజుల్లోనే మొదలుపెట్టండి. కొత్తగా తీసుకునేవాళ్లకు ఫీజు 100 యూరోల దాకా ఉంటుంది. హనుమకొండలో తీయించుకున్న ఫొటోలు దీనికి పనికిరావు, 2025 మే నుంచి డిజిటల్ ఫొటోలే తీసుకుంటున్నారు. కార్డు బెర్లిన్‌లో అచ్చయి రావడానికి వారాలు పడుతుంది. ఆలోగా వీసా ముగిసేలా ఉంటే తాత్కాలిక ధ్రువపత్రం అడిగి తీసుకోండి, అది లేకుండా సంక్రాంతికి ఇంటికి రావాలని టికెట్ కొనొద్దు. అది చేతిలో ఉన్నా, దానితో తిరిగి జర్మనీలో అడుగుపెట్టొచ్చో లేదో ఆఫీసులో అడిగి రాయించుకున్నాకే కొనండి.

గది మారితే మళ్లీ రెండు వారాల్లో కె 7కు పోవాలి. పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు కొత్తదానికి మళ్లించమని డబ్బు కట్టి పోస్టాఫీసుకు రాసివ్వొచ్చు. ఆ ఏర్పాటు మొదలయ్యాకే పాత డబ్బా మీది కాగితం ముక్క తీయండి.